కోల్మన్ ఫోలన్ అడిగినది

సాన్ ఎలాదియోలో గుండీల కొట్టు ఒకటే ఉండేది. దాన్ని కతలీనా టోర్మే నడిపేది. గుండీలు, దారపు ఉండలు, లేసులు, సూదులు, బడిపిల్లల తెల్లకోట్లకు కాలర్లు. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడగడం ఊరు ఏనాడో మానేసింది. మానని ప్రశ్న మరొకటి ఉంది.

"ఆ భాష నేర్చుకుని ఎవరితో మాట్లాడతావు కతా? గుండీలతోనా?"

"గుండీలు నయం. ఎదురు చెప్పవు," అనేదామె.

ఆ భాష ఐరిష్. ఊళ్లో సగం ఇళ్ల తాతలు ఐర్లండ్ నుంచి అర్జెంటీనా మైదానాలకు గొర్రెలు కాయడానికి వచ్చినవాళ్లే. ఇంట్లో ఇంగ్లీషు, వీధిలో స్పానిష్. ఐరిష్ మాత్రం ఆ తాతలు ఓడ ఎక్కక ముందే వాళ్ల ఇళ్లలోంచి వెళ్లిపోయింది. దాని కోసం బెంగపడినవాళ్లు సాన్ ఎలాదియోలో ఎవరూ లేరు, కతలీనా తప్ప.

1948లో ఊరి గుడిలోని ముసలి విచారణ గురువు చనిపోతే ఆయన పెట్టె తెరిచి పుస్తకాలు పంచారు. కతలీనాకు ఇరవై రెండేళ్లు. అక్షరాల రూపమే వేరుగా ఉన్న ఒక ఐరిష్ వ్యాకరణం మిగిలిపోతే అది ఆమె చేతికొచ్చింది. అక్షరాలు పోల్చుకోవడానికి ఒక ఏడాది పట్టింది. ఏ మాట ఎలా పలకాలో పుస్తకం మొదట్లో నాలుగు పేజీలున్నాయి. ఆ నాలుగు పేజీల ప్రకారం పలికేది. సరిగా ఉందో లేదో చెప్పేవాళ్లు లేరు. ఉదయం కొట్టు తెరిచి, బల్ల వెనక నిలబడి, పైకి చదివేది. కొనడానికి వచ్చినవాళ్లు వాక్యం పూర్తయ్యేదాకా ఆగడం అలవాటు చేసుకున్నారు.

పన్నెండేళ్ల తరవాత ఐర్లండ్‌లో నోరా హెనెగన్ అనే రిటైరైన పంతులమ్మ చిరునామా దొరికింది. కతలీనా అభ్యాసాలు రాసి పంపేది. రెండు నెలలకు అవి దిద్దుబాట్లతో తిరిగొచ్చేవి. ఈలోగా అవే తప్పులు మరో నాలుగు ఉత్తరాల్లో చేసి పంపి ఉండేది. "నీ రాత చక్కగా ఉంది," అని ఒకసారి నోరా రాసింది. "నీ పలుకు ఎలా ఉంటుందో దేవుడికే తెలియాలి."

ఆ ఊళ్లో ఐర్లండ్‌లోనే పుట్టిన మనిషి ఒక్కడే మిగిలాడు. కోల్మన్ ఫోలన్. పడమటి సముద్రపు ఒడ్డు అతనిది. ఇరవై నాలుగేళ్ల వయసులో, 1923లో, ఒంటరిగా వచ్చాడు. నీళ్లు తోడే గాలిమరలు బాగుచేసేవాడు. ఏ పొలంలో మర ఆగిపోయినా కబురు వచ్చేది. నిచ్చెన ఎక్కి, గంటల తరబడి గాలిలో కూర్చుని, దిగి వచ్చేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

1951లో ఒక శనివారం అతను చొక్కా గుండీల కోసం వస్తే కతలీనా ధైర్యం చేసి అడిగింది.

"దోన్ కోల్మన్, మీ వైపు వాళ్లంతా ఐరిషే మాట్లాడతారట కదా. మీకు వచ్చా?"

అతను అరచేతిలో గుండీలను వేలితో అటూ ఇటూ జరిపాడు.

"రాదమ్మాయ్. మాది ఇంగ్లీషు ఇల్లు. అది కొండ మీదివాళ్ల మాట. నాలుగు రంధ్రాలవి ఇంకో రెండు వెయ్యి."

ఆమె నమ్మింది.

ఆ తరవాత కూడా అతను శనివారాలు వచ్చేవాడు. ఒక గుండీ, ఒక సూది, కొన్నిసార్లు అదీ లేదు. ఆమె మాతే ఆకుల కషాయం కాచి ఇచ్చేది. అతను గోడకు ఆనుకుని గొట్టంతో పీలుస్తూ నిలబడేవాడు. ఆమె పుస్తకం మూయబోతే, "కానీ, చదువుకో. నాకు తొందరేం లేదు," అనేవాడు. ఆమె చదివేది. అతను వినేవాడో లేదో ముఖం చూస్తే తెలిసేది కాదు. ఇరవై నాలుగేళ్లు అలా గడిచాయి.

"ఆ ముసలాయన చొక్కాకు ఎన్ని గుండీలుంటాయి కతా?" అని బేకరీ ఆవిడ అడిగేది. "నాకు తెలిసి నెలకు నాలుగు ఊడుతున్నాయి."

"గాలికి ఊడతాయి. ఎప్పుడూ గాలిలోనే కదా ఉంటాడు."

"ఆ గాలి నీ కొట్టు వైపే వీస్తుందేం మరి?"

1975 జూలైలో, అక్కడి నడి చలికాలంలో, గడ్డి మీద మంచు పేరుకున్న ఒక ఉదయం, కోల్మన్ ఒక గాలిమర దిగి నేల మీద కూర్చుండిపోయాడు. లేవలేదు. కుడి పక్క పడిపోయింది. పొలంవాళ్లు బండిలో వేసుకుని ఆసుపత్రికి తెచ్చారు. మూడో రోజు నర్సు ఒఫేలియా గుండీల కొట్టుకు వచ్చింది. ఏమీ కొనలేదు.

"దోన్యా కతా, మీరొకసారి రావాలి. ఆ మరల తాత ఏదో మాట్లాడుతున్నాడు. స్పానిష్ కాదు. ఫాదర్ గేనర్ వచ్చి విని ఇంగ్లీషూ కాదన్నారు. డాక్టరేమో మతి పోయిందంటాడు. నాకు మాత్రం, మీరు ఇక్కడ చదువుతుంటారే, ఆ గోలలాగే ఉంది."

"గోలా?"

"అదేనండీ. గొంతు కడుక్కుంటున్నట్టు, మధ్యలో ఏడ్చినట్టు. ఏమనుకోకండి."

కతలీనా ఏమీ అనుకోలేదు. కోటు వేసుకుంది. పనిరోజున కొట్టు మూయడం అదే మొదటిసారి. నిఘంటువు, ఒక నోటుపుస్తకం సంచిలో వేసుకుని ఒఫేలియా వెనక నడిచింది.

మంచం మీద కోల్మన్ ముఖం ఒక పక్కకు జారి ఉంది. ఆమె దగ్గరికి వెళ్లి, ఇరవై ఏడేళ్లుగా ఎవరికీ చెప్పని పలకరింపు చెప్పింది. దేవుడు నీతో ఉండుగాక. అతని కళ్లు ఆమె వైపు తిరిగాయి. నోరు తెరిచి మాట్లాడాడు. కాగితం మీద విడివిడిగా, బుద్ధిగా నిలబడే మాటలు ఆ నోట్లో ఒకదాని మీద ఒకటి పడుతూ పోయాయి. ఎక్కడ ఒకటి ముగిసిందో, ఎక్కడ ఇంకొకటి మొదలైందో ఆమెకు తెలియలేదు. ఒక్క మాట కూడా చేతికి చిక్కలేదు. కానీ అది ఐరిష్ అని తెలిసింది. అంత మాత్రం తెలిసింది.

"మీకు వచ్చన్నమాట," అంది ఇంగ్లీషులో. "మరి రాదన్నారే?"

అతను శూన్యంగా చూశాడు. ఇంగ్లీషు పోయింది. యాభై ఏళ్ల స్పానిష్ పోయింది. దాచిపెట్టింది ఒక్కటే మిగిలింది.

కోపం అప్పుడు రాలేదు. ఇంటికి నడిచి వెళ్తుంటే, బేకరీ దాటాక వచ్చింది. ఇరవై నాలుగేళ్లు బల్లకు అటువైపే నిలబడ్డాడు. ఆమె ప్రతి మాటా తప్పు పలుకుతుంటే మాతే తాగుతూ విన్నాడు. నోరు విప్పితే చాలు, ఆమెకు మనుషుల భాష దొరికేది. విప్పలేదు.

డాక్టరు వారం అన్నాడు, ఇంకా తక్కువే కావచ్చు అన్నాడు. ఆమె రోజూ వెళ్లి కూర్చుంది. అర్థం కాకపోయినా, మొదటి పలకరింపు నుంచీ వినిపించిన శబ్దాన్ని వినిపించినట్టే స్పానిష్ అక్షరాల్లో ఆ నోటుపుస్తకంలో రాసుకుంది. ఆమె మాట్లాడితే అతను నుదురు చిట్లించి, పిల్లవాడి మాట పోల్చుకుంటున్నట్టు వినేవాడు. కొన్నిసార్లు ఎడమ చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని అదే మాట మళ్లీ మళ్లీ చెప్పేవాడు. ఏదో అడుగుతున్నాడు. ఆమెకు అది మాత్రం తెలుస్తూ ఉంది. రెండో రోజుకు 'అమ్మ' అన్న మాట చిక్కింది. మూడో రోజుకు 'పడవ'.

ఆ సాయంత్రం ఫాదర్ గేనర్, పోయే ముందు నుదుట పూసే అభ్యంగన తైలంతో వచ్చాడు. ఆయన తాతలూ ఐర్లండ్‌వాళ్లే. వేలిని నుదుటికి తేబోతే కోల్మన్ ఎడమ చేత్తో తోసేశాడు. మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ తోశాడు, కతలీనా వైపు చూస్తూ ఏదో అన్నాడు.

ఫాదర్ ఆమెను వరండాలోకి పిలిచాడు.

"ముందు తన పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకోవాలని ఉన్నట్టుంది. మనవాళ్లంతే కదా. కడిగించుకోకుండా పోవాలంటే భయం."

"మీరు మామూలుగా క్షమాపణ ఇచ్చేయలేరా ఫాదర్? మాట పోయినవాళ్లకు ఇస్తారుగా."

"ఇవ్వగలను. కానీ ఆయన మాట పోలేదే. మన చెవులు పోయాయి. నువ్వు మధ్యలో కూర్చుని చెప్తావా? గుడి చట్టం ఒప్పుకుంటుంది. విన్నది మాత్రం నీతోనే సమాధి కావాలి." ఆమె ముఖంలోకి చూశాడు. "నీకు అర్థమవుతుందిగా?"

ఒఫేలియా తలుపు దగ్గర నిలబడి వింటోంది. డాక్టరు కూడా ఆగాడు. ఆమె నేర్చుకున్నది ఒక మనిషికి కావలసి రావడం జీవితంలో అదే మొదటిసారి. ఇప్పుడు కాదంటే, ఆ ఇరవై ఏడేళ్లూ గుండీలతో మాట్లాడినట్టే.

"అవుతుంది ఫాదర్," అంది. "రేపు ఉదయానికి."

మరునాడు ఉదయం మంచం చుట్టూ తెర లాగారు. ఫాదర్ అటు, ఆమె ఇటు. కోల్మన్ చాలాసేపు మాట్లాడాడు. ఇంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె ఒళ్లంతా చెవి చేసుకుంది. అమ్మ. పడవ. తెల్లవారడం. వినలేదు. ఏడుపు. ఐదు మాటలు, వాటి మధ్య చీకటి.

"ఏమంటున్నాడు?"

"తల్లిని వదిలేసి వచ్చేశానంటున్నాడు," అంది. "చెప్పకుండా." అది ఊహ. ఐదు మాటల నుంచి ఎవరైనా అదే ఊహిస్తారు.

"ఇంకా?"

"తాగానంటున్నాడు." అది ఊరందరికీ తెలుసు. "ఆదివారం పూజలు ఎగ్గొట్టానని."

"ఇంకా?"

ఆమె కోల్మన్ ముఖం చూసింది. అతను ఆపేసి ఆమెనే చూస్తున్నాడు.

"ఒక అబద్ధం చెప్పానంటున్నాడు ఫాదర్. ఇరవై నాలుగేళ్లు."

"ఎవరికి?"

"అది చెప్పలేదు."

"పశ్చాత్తాపపడుతున్నాడా?"

"పడుతున్నాడు."

ఫాదర్ చేయెత్తి క్షమాపణ చెప్పాడు. తైలం పూస్తే కోల్మన్ ఈసారి తోయలేదు. చేయి లేవలేదు. కళ్లు మాత్రం ఆమె నోటి మీదే ఉన్నాయి. దేనికోసమో కాచుకున్నట్టు. ప్రార్థన కావాలేమోనని ఆమె పరలోకజపం ఐరిష్‌లో చెప్పింది. అతను చివరిదాకా విన్నాడు. అది అయిపోయాక కూడా కాచుకున్నాడు. తరవాత మెల్లగా ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. మళ్లీ మాట్లాడలేదు. మరునాడు పొద్దున పోయాడు.

శవాన్ని గుడి పక్క హాలులో ఉంచారు. హామ్ సాండ్‌విచ్‌లు, విస్కీ, జపమాల. మగవాళ్లు ఉన్ని ధర గురించి మాట్లాడుకున్నారు. ఎవరూ ఏడవలేదు. గొంతెత్తి ఏడవడం ఆ జనంలో అమ్మమ్మలతోనే పోయింది.

"కతా, చివరికి నీ భాష అక్కరకొచ్చింది చూశావా," అంది బేకరీ ఆవిడ. ఈసారి వెటకారం లేదు. "నువ్వు లేకపోతే కుక్కచావు చచ్చేవాడు పాపం."

బడి పంతులమ్మ వచ్చి, సెలవుల్లో పిల్లలకు నాలుగు మాటలు నేర్పుతావా అని అడిగింది. కొట్టులో ఆమె చదువుతుంటే జనం ఇప్పుడు గౌరవంగా ఆగేవాళ్లు. ఆమెకు అది నచ్చింది. రాత్రుళ్లు హాయిగా నిద్రపోయింది. అదీ నిజమే, చెప్పుకోవాలి.

ఆగస్టులో నోరాకు రాస్తూ, పడమటివాళ్ల పలుకు ఎలా ఉంటుందని అడిగింది, ఒకాయన మాట విన్నానని మాత్రం చెప్పింది. అక్టోబరులో చిన్న పార్సెలు వచ్చింది. లోపల ఒక క్యాసెట్టు. పడమటి ఊరి ముసలమ్మ ఒకావిడ కోళ్ల గురించి, బంగాళాదుంపల గురించి, ఒడ్డున సముద్రపు నాచు ఏరడం గురించి మాట్లాడుతోంది. "నువ్వు విన్న మనిషి అన్నవన్నీ నాకు రాసి పంపు, ఒక్క ముక్క వదలకు," అని నోరా రాసింది.

కతలీనా టేపురికార్డరు కొంది. మధ్యాహ్నం ఊరు కునుకు తీసే వేళ కొట్టు మూసి వినేది. మొదట అదే ప్రవాహం. పదిసార్లు విన్నాక కోళ్లు దొరికాయి. ఇరవైసార్లకు వాక్యాల చివరలు దొరికాయి. నలభయ్యో సారి, నవంబరు మొదటి వారంలో, ముసలమ్మ పక్కన కూర్చుని కబుర్లు చెప్తున్నట్టు అంతా తేటగా వినిపించింది. కోడి తప్పిపోవడం గురించి ముసలమ్మ ఏదో హాస్యమాడితే కతలీనా ఒంటరిగా నవ్వింది. ఇరవై ఏడేళ్లలో ఆ భాషలో ఆమెకు అర్థమైన మొదటి హాస్యం అది.

ఆ సంతోషంలోనే నోటుపుస్తకం తీసింది. స్పానిష్ అక్షరాల్లో రాసుకున్న ఆ గోలను ముసలమ్మ ఒరవడిలో పైకి చదివింది. మాటలు విడిపోయి నిలబడ్డాయి.

"నేను వెళ్తానన్న రోజుకు ముందు రాత్రి ఊరంతా మా ఇంటికి రావాల్సింది. తెల్లవారాక అమ్మ నన్ను ఏడవాల్సింది. ఆ ఏడుపు వినలేననుకుని, ఒకరోజు ముందే, అమ్మ నాచు ఏరడానికి ఒడ్డుకు వెళ్లినప్పుడు పడవ ఎక్కేశాను. వినలేదు. నన్నెవరూ ఏడవలేదు. అప్పటినుంచి ఆ మాటలు నోట్లోకి రానివ్వలేదు, వస్తే ఆ ఏడుపూ వస్తుందని. నీ కొట్టులోనే వినేవాణ్ని, శనివారాలు. తప్పుల తడకే, అయినా అవే మాటలు. నన్ను ఏడువు అమ్మాయ్. ఇప్పుడు వెళ్తున్నాను. నేను వినేలా ఏడువు."

పేజీ తిప్పింది. మరో రోజు రాసుకున్నది. కొంచెం అటూ ఇటూగా అదే. తరవాతి పేజీలోనూ అదే. ఎక్కడా పాపం లేదు. తాగుడు లేదు, పూజలు లేవు, గురువును పిలవమనడం లేదు.

ఆ ఆచారం ఏమిటో ఆమెకు తెలుసు. ఆమె నాయనమ్మను అలాగే సాగనంపారు. సముద్రం దాటేవాళ్లు మళ్లీ రారు కాబట్టి, వెళ్లే ముందు రాత్రి చుట్టుపక్కలవాళ్లు వచ్చి తాగి, ఆడి, తెల్లవారాక, శవం మీద పడి ఏడ్చినట్టే, తల్లి తన బతికున్న బిడ్డను పేరు పెట్టి ఏడ్చేది. కూచుని వినాలి. విని లేచి వెళ్లాలి. వ్యాకరణం చివర అలాంటి ఏడుపులు మూడు పేజీలున్నాయి. అవి కతలీనాకు పొల్లుపోకుండా వచ్చు. పేరు ఒక్కటి మారిస్తే సరిపోయేది.

ఆ శనివారం ఫాదర్ గేనర్ పాపసంకీర్తన పెట్టె జాలీ ముందు మోకరించింది. జరిగింది చెప్పింది.

"పాపమే లేదంటావా అందులో?"

"లేదు ఫాదర్."

"మరి నువ్వు చెప్పినవి?"

"నేను కల్పించినవి."

"ఆ అబద్ధం కూడానా? ఇరవై నాలుగేళ్లన్నావే."

"అది నాకు చెప్పిన అబద్ధం. ఆయన ఒప్పుకోలేదు. ఆయన నోట్లో నేనే పెట్టాను."

జాలీ అవతల కుర్చీ కిర్రుమంది.

"సరే. క్షమాపణయితే దొరికింది. అక్కర్లేనిది దొరికినా దేవుడు వెనక్కి అడగడు."

"ఆయన అడిగింది అది కాదు."

"తెలిసింది. ఇప్పుడు చేసేదేముంది కతలీనా?"

"ఆయన సమాధి దగ్గరికి వెళ్లి ఏడిస్తే?"

"వెళ్లు, నేనొద్దనను." ఆయన గొంతు తగ్గింది. "మా అమ్మమ్మ చెప్పేది, అది పోయినవాళ్ల కోసం కాదని, వెళ్లేవాళ్ల కోసమని. నాకంతకన్నా తెలియదు. ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు చెప్పుకో."

"మూడేనా?"

"మూడు చాలు."

"ఇంకా ఎక్కువ ఇవ్వండి ఫాదర్."

"ఇది బేరమాడే చోటు కాదు. వెనక జనం ఉన్నారు."

మూడు జపాలు ఒక నిమిషంలో అయిపోయాయి. ఆమె శ్మశానానికి వెళ్లలేదు.

నోరాకు ఆయన మాటలు రాసి పంపలేదు. తనకు అర్థం కాలేదని రాసింది. బడి పిల్లలకు నేర్పుతానన్నది మానుకుంది. అడిగితే తీరిక లేదంది. క్యాసెట్టు వినడం మాత్రం మానలేకపోయింది. చెవి రోజురోజుకూ పదునెక్కింది. చెవి పదునెక్కిన కొద్దీ నోటుపుస్తకంలో మిగిలిన చిన్న చిన్న ముక్కలు కూడా ఒకటొకటిగా విచ్చుకున్నాయి. నీళ్లు. తల కింద ఇంకొంచెం ఎత్తు. ఆ తెల్లబట్టల అమ్మాయిని మెల్లగా తిప్పమను, భుజం నొప్పి.

అన్నిటికన్నా ఆలస్యంగా విడివడింది మొదటి పేజీలోని మొదటి వరస, ఆమె వెళ్లి దేవుడి పేరున పలకరించగానే అతను అన్నది. జనవరి ఎండలో, కొట్టు తలుపులు బార్లా తెరిచి ఉండగా, దాన్ని చదివింది. రోగుల గదికి గాలి తగలాలని ఒఫేలియా చలికాలంలోనూ కిటికీ రెక్కలు మూయనిచ్చేది కాదు. జూలైలో ఆ ఐదు రోజులూ అది అలాగే ఉంది. కతలీనా పక్కనే కూర్చుంది, కోటు విప్పకుండా.

"ఆ కిటికీ ముయ్యి అమ్మాయ్," అని ఉంది అక్కడ. "చలేస్తోంది."